రాత్రి రెండు గంటల రీడింగు

కిందటేడు జూలైలో ఒక రాత్రి పదకొండు దాటాక మా చెల్లెలి కూతురు ఫోన్ చేసింది. దేశంలో పేరున్న ఒక పరిశోధనా సంస్థలో జీవశాస్త్రం డిగ్రీ చదువుతోంది. అప్పుడే మూడో ఏడాదిలోకి వచ్చింది. ఆ వేళప్పుడు ఫోన్ మోగితే ఎవరికైనా గుండె జారుతుంది. "ఏం లేదు పెద్దమ్మా, ఊరికే" అంది ముందు. కాసేపు వాళ్ల మెస్సు గురించీ, వానల గురించీ మాట్లాడి, అప్పుడు చెప్పింది. వేసవి ప్రాజెక్టు పోస్టరు మీద తన పేరు రెండోది వేశారు. మొదటి పేరు తనతో కలిసి పనిచేసిన అబ్బాయిది. రేపు పోస్టరు పక్కన నిలబడి వచ్చినవాళ్లకు వివరించేది కూడా అతనే.

నిజం చెప్పాలంటే, పేరు ముందో వెనకో అన్నదానికి అర్ధరాత్రి ఇంత బాధెందుకని నాకూ అనిపించింది. అలా అని పైకి అనకపోవడం మంచిదయింది. ఎందుకంటే తర్వాతి అరగంటలో ఆ పిల్ల చెప్పినది విన్నాక, ముప్పయ్యేళ్లుగా 'చదువులో సమానత్వం' గురించి చదువుతూ రాస్తూ ఉన్న నేను, చూడవలసిన చోటు చూడలేదేమోనన్న అనుమానం పట్టుకుంది.

వాళ్ల ప్రయోగం పండు ఈగల మీద. అరటిపళ్లు మగ్గితే ముసురుతాయే, ఆ చిన్న ఈగలే. వాటిని డ్రోసోఫిలా అంటారు. ఈగకూ మనిషికీ ఒంట్లో ఒక గడియారం ఉంటుంది, రాత్రీ పగలూ దాని ప్రకారం నడుస్తాయి. 1971లో కోనాప్కా, బెంజర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ గడియారాన్ని నడిపే ఒక జన్యువు జాడ పట్టుకుని దానికి 'పీరియడ్' అని పేరు పెట్టారు. (మన సమావేశాల్లో ఈ పేరు చెబితే నవ్వుతారు. దీనికీ నెలసరికీ సంబంధం లేదు.) ఆ గడియారం ఎలా నడుస్తుందో తేల్చిన ముగ్గురు అమెరికన్లకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ జన్యువు ఏ వేళకు ఎంత చురుగ్గా ఉందో చూడాలంటే నాలుగు గంటలకోసారి కొన్ని ఈగల్ని తీసి గడ్డకట్టించి దాచాలి. తెల్లవారి ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రాత్రి పది, రాత్రి రెండు. ఆరు రీడింగులు. లైట్లు పొద్దున ఆరుకి వెలిగి సాయంత్రం ఆరుకి ఆరిపోయే పెట్టెలో ఈగలు ఉంటాయి.

ఆడపిల్లల హాస్టల్ గేటు రాత్రి తొమ్మిదిన్నరకు మూస్తారు, పొద్దున అయిదున్నరకు తెరుస్తారు. అబ్బాయిల హాస్టల్‌కు గేటే లేదు. కాబట్టి ఆరులో నాలుగు రీడింగులు మా పిల్ల తీసింది, రెండు ఆ అబ్బాయి తీశాడు. లెక్క ప్రకారం పని ఎక్కువ చేసింది ఈ పిల్లే. కానీ ఆ జన్యువు సందేశం పుంజుకునేది పొద్దుగూకాకనే, దాని ప్రొటీన్ పోగుపడేది అర్ధరాత్రి దాటాకనే. గ్రాఫులో గీత పైకి లేచేది సరిగ్గా ఆ రెండు రీడింగుల దగ్గర. తెల్లవారి నాలుగు గంటలకు ఆ గీతను మొదట చూసినవాడు ఆ అబ్బాయి. ఎందుకలా లేచిందో ల్యాబులో సీనియర్లతో టీ తాగుతూ మాట్లాడుకున్నవాడూ అతనే. పొద్దున్నే మా పిల్ల వెళ్లేసరికి ఆ మాటలు అయిపోయి ఉండేవి. అతను చెడ్డవాడేమీ కాదు. "వాడు మంచోడే పెద్దమ్మా, అంతా చెప్పేవాడు" అంది. కొత్తది కనిపించినప్పుడు ఒకరు అక్కడ ఉండడం, ఇంకొకరు మర్నాడు విని తెలుసుకోవడం, ఈ రెంటికీ ఉన్న దూరమే పోస్టరు మీద ఒకటో పేరుకూ రెండో పేరుకూ మధ్య దూరం అయింది.

సంస్థ పేరు నేను రాయను. రాస్తే ఆ ఒక్కచోటే ఇలా ఉందనుకుని మిగిలినవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు.

నా చదువు సంగతి కొంచెం చెప్పాలి. నేనూ జీవశాస్త్రం పిల్లనే. తొంభైల చివర ఒక జిల్లా కేంద్రంలోని మహిళా కళాశాలలో బి.జడ్.సి. చదివాను, అంటే వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం. మా బ్యాచి మొత్తానికి పనిచేసే మైక్రోస్కోపు ఒక్కటి. వరసలో నిలబడి ఒక కన్ను మూసి అర నిమిషం చూసి తప్పుకునేవాళ్లం. చూసింది ఏమిటో తెలిసేది కాదు, రికార్డులో బొమ్మ మాత్రం కిందటేటి సీనియర్ రికార్డు చూసి దించేవాళ్లం. అందంగా గీసినవాళ్లకు మార్కులు. నాలుగున్నరకు అటెండరు తాళాల గుత్తి ఊపేవాడు. మూడేళ్లలో నేను అడిగిన ప్రశ్న, జవాబు ఎవరికీ ముందే తెలియని ప్రశ్న, ఒక్కటీ లేదు. ఎమ్మేకి హైదరాబాదు వచ్చి సోషియాలజీలో చేరాక, రాత్రిళ్లు లైబ్రరీ నుంచి వస్తుంటే జీవశాస్త్రాల భవనంలో అన్ని అంతస్తుల్లోనూ దీపాలు వెలుగుతుండేవి. అర్ధరాత్రి వీళ్లేం చేస్తారబ్బా అనుకునేదాన్ని. అప్పట్లో అలాంటి విశ్వవిద్యాలయాల్లో అడుగుపెట్టాలంటే డిగ్రీ పూర్తికావలసిందే. డిగ్రీ పిల్లలు ఒకచోట, పరిశోధన ఇంకోచోట. ఈ గోడ కూలడం మొదలైంది 2006లో పుణే, కోల్‌కతాల్లో ఐసర్‌లు పెట్టాక. బెంగుళూరు ఐఐఎస్‌సి 2011లో నాలుగేళ్ల డిగ్రీ మొదలుపెట్టింది. తిరుపతి ఐసర్ 2015లో వచ్చింది. పద్దెనిమిదేళ్ల పిల్ల ఇంటర్ కాగానే నేరుగా, ప్రొఫెసర్లు తమ పరిశోధన చేసుకునే చోటికి వెళ్లి వాళ్ల బల్ల పక్కన బల్ల వేసుకునే అవకాశం మన దేశంలో ఇంత కొత్తది.

అక్కడి చదువు ఎలా ఉంటుందో పిల్ల చెబుతుంటే నాకు అసూయగా ఉంటుంది. మొదటి సంవత్సరంలో భౌతిక, రసాయన, గణితాలూ చదవాలి. ఇంటర్లో లెక్కలు వదిలేసిన బైపీసీ పిల్లలకు అది గండమే. రెండో సంవత్సరం నుంచి పాఠ్యపుస్తకం పక్కన పెట్టి అసలు పరిశోధనా పత్రాన్నే చేతిలో పెడతారు. ఈ వాక్యం రాయడానికి వాళ్ల దగ్గర ఏ ఆధారం ఉంది, ఈ బొమ్మలో ఏం లోపం ఉంది అని అడుగుతారు. ఒకసారి మా పిల్ల మూడు వారాల పాటు చేసిన పని అంతా పాడయింది. తిట్టకుండా, ఎందుకు పాడయిందో రాసుకురమ్మన్నారట. ఆడపిల్లకు తప్పు చేసే హక్కు ఇచ్చే చదువు నేను ఎరుగుదునా? అందుకే ఈ చదువును తక్కువ చేసి మాట్లాడడానికి నేను ఈ వ్యాసం రాయడం లేదు. ఇంత మంచిది కనకనే అందులో ఆరో వంతు, మూడో వంతు ఆడపిల్లల చేతికి అందకుండా పోవడం నాకు దోపిడీగా కనిపిస్తోంది.

గేటు దగ్గరికి వస్తాను. రాత్రి పని లేకుండా ఈ చదువు లేదు. కణాలకు ఆదివారం లేదు. బ్యాక్టీరియా పెరుగుదల లెక్కగట్టేటప్పుడు మధ్యలో ఆపి ఇంటికి వెళ్లొస్తానంటే కుదరదు. ఈగల సంగతే చూడండి. రెండు రకాల ఈగల్ని జతకట్టించాలంటే అంతకుముందు ఏ మగ ఈగతోనూ కలవని ఆడ ఈగలు కావాలి. ఎందుకంటే ఒకసారి కలిసిన ఆడ ఈగ ఆ బీజాన్ని ఒంట్లో దాచుకుంటుంది, తర్వాత పుట్టే పిల్లల తండ్రి ఎవరో తేలదు. ప్యూపా నుంచి బయటపడిన ఆడ ఈగ, 25 డిగ్రీల వేడిలో, దాదాపు ఎనిమిది గంటల వరకు మగ ఈగను దగ్గరికి రానివ్వదు. ఆలోపల ఏరేయాలి. ల్యాబుల్లో ఈ పనిని 'వర్జిన్లు ఏరడం' అంటారు. రోజూ పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. రాత్రి రాలేనివాళ్లు సీసాల్ని 18 డిగ్రీల పెట్టెలో పెట్టిపోతారు, చల్లదనానికి అంతా నెమ్మదించి ఇంకో ఎనిమిది గంటలు గడువు దొరుకుతుంది. మా పిల్ల నవ్వుతూ అంది: "మా వార్డెన్ చేసేదీ నేను చేసేదీ ఒకటే పని పెద్దమ్మా. కాకపోతే నా ఈగలకి చలిపెట్టె ఉంది."

ఆ నవ్వు నాకు రెండు రోజులు గుచ్చుకుంది. దానికి కారణం ఉంది. పదేళ్ల కిందట నేను పనిచేసే కళాశాలలో రెండేళ్లు హాస్టల్ వార్డెన్‌గా ఉన్నాను. గేటు ఎనిమిదికి మూయించాను. నా ముందున్నావిడ ఏడున్నరకు మూసేది, నేను అరగంట పెంచానని మురిసిపోయాను కూడా. ఏదైనా జరిగితే పేపర్లో వచ్చేది వార్డెన్ పేరే, ప్రిన్సిపాల్ ముందు నిలబడేది నేనే. ఆ భయం అబద్ధం కాదు. బస్టాండు దారిలో దీపాలు వేయించమని మునిసిపాలిటీకి రెండు ఉత్తరాలు రాశాను, జవాబు రాలేదు. దీపాలు వేయించడం కన్నా తాళం వేయించడం తేలిక. మనలో చాలామందిమి చేసే పని ఇదే. పగలు సెమినారులో పితృస్వామ్యం గురించి పత్రం చదివి, సాయంత్రం తాళం చెవి అడగడం.

1933 నాటి ఒక సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. బొంబాయి విశ్వవిద్యాలయంలో డిగ్రీ చేసిన కమలా భాగవత్ (పెళ్లయ్యాక కమలా సొహోనీ) బెంగుళూరులోని ఇదే ఐఐఎస్‌సికి దరఖాస్తు పెట్టుకుంది. అప్పటి డైరెక్టరు సర్ సి.వి. రామన్ ఆడపిల్ల కనక తీసుకోనన్నాడు. ఆమె వెనక్కి పోలేదు, నిలదీసింది. చివరికి మూడు షరతుల మీద చేర్చుకున్నాడు. మొదటి ఏడాది రెగ్యులర్ విద్యార్థిగా లెక్కకు రాదు. గైడు చెబితే రాత్రి ఎంతసేపయినా పనిచేయాలి. ల్యాబులో మగవాళ్ల ఏకాగ్రత చెడగొట్టి వాతావరణాన్ని పాడుచేయకూడదు. ఆమె ఆ షరతులన్నీ ఒప్పుకుని పనిచేసింది, కేంబ్రిడ్జికి వెళ్లి 1939లో డాక్టరేటు తెచ్చుకుంది. విజ్ఞానశాస్త్రంలో డాక్టరేటు పొందిన తొలి భారతీయ స్త్రీలలో ఆమె ఒకరు. ఈ కథను అన్ని మహిళా దినోత్సవాల్లోనూ చెబుతాం, చెప్పి చప్పట్లు కొడతాం. నాకు ఆ రెండో షరతు దగ్గర ఆగాలనిపిస్తుంది. ఆనాడు అవమానించడానికి పెట్టిన షరతులో కూడా రాత్రి పని ఉంది, అంటే ఆ పని లేకుండా శాస్త్రజ్ఞులు కారని ఆ పెద్దమనిషికి తెలుసు. ఇవాళ ప్రేమగా, మన మంచి కోరి, ఆ రాత్రినే తీసేశారు. అవమానాన్ని ఎదిరించడం కమలకు వచ్చింది. ఈ ప్రేమను ఎదిరించడం మన పిల్లలకు ఇంకా రావడం లేదు. రావడానికి వాళ్ల తల్లుల ముఖం చూడాలి కదా.

చట్టం ఏమంటుందో మన కార్యకర్తలకు తెలిసి ఉండాలి కనక రాస్తున్నాను. విద్యాసంస్థల్లో లైంగిక వేధింపుల నివారణ మీద యుజిసి 2015 నిబంధనలు (2016 మేలో నోటిఫై అయ్యాయి) ఒక మాట స్పష్టంగా చెబుతాయి: భద్రత పేరు చెప్పి, మగ విద్యార్థులకు లేని ఆంక్షలను హాస్టళ్లలో ఆడ విద్యార్థులకు పెట్టకూడదు. అంతకుముందు 2013లో యుజిసి వేసిన 'సక్షమ్' కమిటీ నివేదికలోనూ ఇదే ధోరణి ఉంది. 2022లో కోజికోడ్ ప్రభుత్వ వైద్య కళాశాల విద్యార్థినులు రాత్రి తొమ్మిదిన్నర ఆంక్ష మీద కేరళ హైకోర్టుకు వెళ్లారు. ఆడపిల్లల్ని ఎన్నాళ్లు తాళం వేసి ఉంచుతారని కోర్టు అడిగింది. ఆ ఏడాది డిసెంబరులో ప్రభుత్వం ఆడామగా తేడా లేకుండా ఒకే వేళలు అని కొత్త ఉత్తర్వు ఇచ్చింది. ఈ కాగితాలన్నీ మా పిల్లకు పంపించాను. వాళ్లు వార్డెన్ దగ్గరికి తీసుకెళ్తే, "మన సంస్థ యుజిసి కిందికి రాదమ్మా" అందట ఆవిడ. సమాధానం సిద్ధంగా ఉంది, అంటే ఈ ప్రశ్న ఆవిడకు కొత్త కాదన్నమాట. రాజ్యాంగంలోని 14, 15 అధికరణల కిందికి కూడా రాదా అని అడగమన్నాను. అడిగే ధైర్యం ఎవరికీ కలగలేదు. రికమెండేషన్ లెటర్లు ఇచ్చేది ఆ పెద్దలే మరి.

వాళ్ల గైడు ఒక స్త్రీ. నలభై దాటలేదు, విదేశాల్లో పనిచేసి వచ్చింది. ఆవిడ ఒక ఉపాయం చెప్పింది. ఈగల పెట్టెలో లైట్లు తిప్పేద్దాం, రాత్రి వెలిగేట్టు, పగలు ఆరేట్టు. ఈగలకు మన పగలు రాత్రి అవుతుంది. నాలుగు రోజులు అలవాటుపడితే చాలు, అప్పుడు రాత్రి రెండు గంటల రీడింగును మధ్యాహ్నం రెండింటికి తీసుకోవచ్చు. శాస్త్రంగా ఇది సరైన పద్ధతే, చాలా ల్యాబుల్లో చేస్తారు. ఆవిడ మంచితనం మీద నాకు సందేహం లేదు. ఆవిడ కూడా ఒకప్పుడు ఇలాంటి ఉపాయాలతోనే గట్టెక్కి ఉంటుంది. కానీ ఒక దేశం పేరున్న సంస్థలో, ఈగల సూర్యోదయాన్ని పన్నెండు గంటలు జరపడం హాస్టల్ గేటును రెండు గంటలు జరపడం కన్నా సులువైపోయిందంటే దాన్ని ఏమనాలి?

గేటు ఒక్కటే కాదు. లోపల బోధించేది కూడా మనం చూడాలి. ఆడపిల్ల పుట్టిందని కోడల్ని వెళ్లగొట్టిన ఇళ్లకు వెళ్లినప్పుడు మనం ఏం చెబుతాం? ఆడదానిలో ఉండేది రెండూ ఎక్స్ క్రోమోజోములే, వై వచ్చేది మగవాడి నుంచే అని చెబుతాం. ఫ్లాష్‌కార్డులు కూడా ఉన్నాయి మన దగ్గర. ఈ సంగతి కనిపెట్టినవాళ్లలో ముందున్నది నెట్టీ స్టీవెన్స్ అనే వడ్రంగి కూతురని మనలో ఎంతమందికి తెలుసు? బడిలో పాఠాలు చెప్పి, గ్రంథాలయంలో పనిచేసి, డబ్బు కూడబెట్టుకుని 1896లో, 35 ఏళ్ల వయసులో స్టాన్‌ఫర్డ్‌లో డిగ్రీలో చేరింది. ఆమె డిగ్రీ పూర్తిచేసిన 1899లోనే, ఆడవాళ్లు మరీ ఎక్కువైపోతున్నారని ఆ విశ్వవిద్యాలయం ఆడ విద్యార్థుల సంఖ్య 500 దాటకూడదని హద్దు పెట్టింది. పెట్టింది కూడా ఒక స్త్రీయే, సంస్థాపకురాలు జేన్ స్టాన్‌ఫర్డ్. నెట్టీ 1905లో ఒక రకం పిండిపురుగుల కణాలు చూసి, ఆడదానిలో ఇరవై పెద్ద క్రోమోజోములు, మగదానిలో పందొమ్మిది పెద్దవీ ఒక చిన్నదీ ఉన్నాయని, ఆ చిన్నదే తేడా అని చెప్పింది. ఏడేళ్లకు రొమ్ము క్యాన్సరుతో చనిపోయింది. డిగ్రీ పుస్తకాల్లో మోర్గన్ ఈగలకు ఒక అధ్యాయం ఉంటుంది, నెట్టీ పురుగులకు ఒక వాక్యం ఉంటే గొప్ప.

ఇక అండం, శుక్రకణం. ఎమిలీ మార్టిన్ అనే మానవశాస్త్రవేత్త 1991లో అమెరికన్ పాఠ్యపుస్తకాలు ముందేసుకుని చూపించింది. అండం ఊరికే కొట్టుకుపోతూ ఎదురుచూస్తుంది, శుక్రకణం సాహసయాత్ర చేసి గెలుచుకుంటుంది. అచ్చం మన సినిమా. నిజానికి శుక్రకణం తోకకు ముందుకు పొడుచుకుపోయే బలం చాలా తక్కువనీ, రెండు కణాల ఉపరితలాలూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయనీ అప్పటికే ప్రయోగాలు చెప్పాయి. చెప్పినవాళ్లు కూడా పాత భాషలోనే రాశారు. మా పిల్ల రెండో ఏడాదిలో ఇది చదివించమని అడిగితే, "అది సోషల్ సైన్స్ కదా, ఎలెక్టివ్‌గా తీసుకో" అన్నారట. అసలు శాస్త్రంలో ఏ పదం ఎలా వాడారో చూడడం శాస్త్రం పని కాకపోతే మరెవరి పని? పరిశోధనా పత్రంలో ప్రతి వాక్యానికీ ఆధారం అడగమని నేర్పేవాళ్లే ఈ ఒక్కచోట అడగవద్దంటే పిల్లలు ఏం నేర్చుకుంటారు!

ఇంకొకటి, నాకు అన్నిటికన్నా బరువైనది. వాళ్ల నాలుగేళ్ల చదువులో నైతికత మీద ఒక చిన్న కోర్సు ఉంది. నాజీ వైద్యుల గురించి చెబుతారు, అమెరికాలో నల్లజాతి మగవాళ్లకు సిఫిలిస్ చికిత్స ఇవ్వకుండా చూస్తూ కూర్చున్న టస్కీగీ గురించి చెబుతారు. మంచిదే. పటాన్‌చెరు గురించి చెప్పరు. 1985లో అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగం జరుగుతోందని తెలిసి హైదరాబాదు స్త్రీశక్తి సంఘటన వాళ్లు వెళ్లారు. ఇంజెక్షన్ కోసం వచ్చిన స్త్రీలకు అది ప్రయోగమన్న సంగతే ఎవరూ చెప్పలేదు. 1986లో వాళ్లూ, ఢిల్లీ సహేలీ, మరికొందరూ కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ ఉద్యమంలో నడిచినవాళ్లు ఈ పత్రిక చదివేవాళ్లలోనే ఉన్నారు, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఖమ్మం కూడా మీకు తెలుసు. 2009లో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పదీ పద్నాలుగేళ్ల ఆడపిల్లలు సుమారు 14,000 మందికి హెచ్‌పివి టీకా వేశారు, పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, ఐసిఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి. చాలామంది ఆశ్రమ పాఠశాలల, హాస్టళ్ల పిల్లలు. అంగీకార పత్రాల మీద ఎంతో చోట సంతకం పెట్టింది తల్లిదండ్రులు కాదు, వార్డెన్లూ హెడ్మాస్టర్లూ. కొందరు పిల్లలు చనిపోయాక గొడవై 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. చావులకు టీకా కారణం కాదని విచారణ కమిటీ చెప్పింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సరును ఆపడంలో ఆ టీకా పనిచేస్తుందని నేనూ నమ్ముతాను. టీకా మంచిదా చెడ్డదా అన్నది ఒక ప్రశ్న, అడగకుండా ఎవరి ఒంటి మీద ప్రయోగం చేశారన్నది వేరే ప్రశ్న. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ రెండో ప్రశ్న మీదే తీవ్రంగా తప్పుపట్టింది.

వార్డెన్ అన్న మాట ఇక్కడా వచ్చింది చూశారా. భద్రాచలంలో ఆ ఆదివాసీ పిల్ల ఒంటి మీద సూది దిగడానికి సంతకం పెట్టే అధికారం వార్డెన్‌ది. ఈ పెద్ద సంస్థలో మా పిల్ల ల్యాబుకు వెళ్లకుండా ఆపే అధికారం వార్డెన్‌ది. ఈ రెండూ సమానమని నేననడం లేదు, అలా అంటే ఆ చనిపోయిన పిల్లలకు అన్యాయం. కానీ రేపు ఇలాంటి ప్రయోగాలు రూపొందించేవాళ్లు, అంగీకార పత్రం రాసేవాళ్లు ఈ సంస్థల్లో ఇవాళ చదువుతున్నవాళ్లే. తన గేటు తాళం గురించి తను మాట్లాడగలిగిన పిల్లకే, ఇంకొకరి తరపున ఎవరు సంతకం పెడుతున్నారని అడగాలన్న ఆలోచన తడుతుందని నా నమ్మకం.

అసలు ఆ సంస్థ దాకా వచ్చేది ఎవరన్నది కూడా చూడాలి, క్లుప్తంగా. మన రెండు రాష్ట్రాల్లో బైపీసీ అంటే డాక్టరు, అంతే. నీట్‌లో ర్యాంకు రాకపోతే ఫార్మసీ, అగ్రికల్చర్, అవీ కాకపోతే బీయస్సీ. "ఉత్త బయాలజీ చదివి ఏం చేస్తావ్?" అని మా మరిది కూడా అడిగాడు. ప్రశ్న తప్పు కాదు, అయిదేళ్లు చదివి ఆపైన డాక్టరేటు అంటే పిల్లకు ఇరవై ఎనిమిది దాటుతుంది. వచ్చే ఫెలోషిప్పు నెలల తరబడి ఆలస్యమవుతుంది, ఉద్యోగం ఎప్పుడో తెలియదు. ఈ లెక్కలో ఆడపిల్లకు అదనంగా పెళ్లి ఉంటుంది. మా పిల్ల రూమ్మేటు ఒక సాంఘిక సంక్షేమ గురుకులం నుంచి వచ్చింది. వాళ్ల ఊళ్లో ఆ సంస్థ పేరు విన్నవాళ్లు లేరు. చెప్పిన మాష్టారు ఒక్కరే. మొదటి సెమిస్టరు అంతా క్లాసులో నోరు విప్పలేదు, పాఠం అర్థంకాక కాదు, ఇంగ్లీషులో తప్పు వస్తుందని. రాత్రిళ్లు మా పిల్లకు జన్యుశాస్త్రం తెలుగులో చెప్పింది ఆ అమ్మాయే. క్లాసులో సగం మంది ఆడపిల్లలే ఉంటారు. పరిశోధక విద్యార్థుల్లోనూ దాదాపు అంతే. ప్రొఫెసర్ల గదుల మీద ఆడవాళ్ల పేర్లు లెక్కపెట్టడానికి నాకు ఒక చేతి వేళ్లు సరిపోయాయి. మధ్యలో ఎక్కడ రాలిపోయారని అడిగితే పెళ్లి, పిల్లలు అంటారు. అందరూ అక్కడే వెతుకుతారు. పందొమ్మిదేళ్లకే రాలడం మొదలవుతుందని, అది గేటు దగ్గర, పోస్టరు దగ్గర, అడవికి ఫీల్డ్‌వర్కుకు జీపులో "ఒక్క అమ్మాయి కోసం ఇంకో గది ఎక్కడ తెస్తాం" అన్నప్పుడు, రోజుకు కాసింత జరుగుతుందని ఎవరూ రాసుకోరు.

జూలై తర్వాత సంగతి. పిల్లలు ఒక అర్జీ రాశారు. నలభై మందికి పైగా సంతకాలు పెట్టారు. పెట్టనివాళ్లూ ఉన్నారు. వాళ్లలో మా పిల్ల రూమ్మేటు ఒకరు, స్కాలర్‌షిప్పు పోతుందేమోనని. నేనయితే ఆ అమ్మాయిని తప్పుపట్టను. రెండు నెలలు సాగదీశాక, గేటు వేళ పదకొండుకు పెంచారు. ఆపైన ల్యాబులో ఉండాలంటే గైడు ఉత్తరం కావాలి, గేటు దగ్గర రిజిస్టరులో రాయాలి, తల్లి గానీ తండ్రి గానీ సంతకం పెట్టిన అనుమతి పత్రం ఇవ్వాలి. అబ్బాయిలకు ఈ పత్రం లేదు. ఇరవై ఏళ్లు నిండి ఓటు వేసిన మనిషికి అమ్మానాన్నల అనుమతి పత్రం! కొత్త ప్రాజెక్టులో మాత్రం మా పిల్ల ఆ తిప్పేసిన పెట్టెతోనే పని మొదలుపెట్టింది. ఫలితాలు కావాలి, డిసెంబరులో ఇంటర్న్‌షిప్పులకు దరఖాస్తులున్నాయి. పోరాడుతూ కూర్చుంటే ఈగలు ఆగవు అంది.

ఆ పత్రం ఇప్పుడు మా చెల్లెలి ఇంట్లో, బీరువా మీద, కరెంటు బిల్లుల కింద ఉంది. మా మరిది నువ్వే పెట్టు అన్నాడు. చెల్లెలు నాకు ఫోన్ చేసి, "అక్కా, నువ్వయితే పెడతావా?" అని అడిగింది. ఈ పత్రమే తప్పు, అసలు నువ్వు సంతకం పెట్టాల్సిన అవసరమే ఉండకూడదని చెప్పాను. "అది సరే, రాత్రి రెండింటికి అది ఒక్కతే ఆ దారిలో నడిచి వస్తుంది. దీపాలున్నాయా?" అంది. నాకు తెలియదు. పిల్లకు ఫోన్ చేసి అడిగాను. ల్యాబుకూ హాస్టల్‌కూ మధ్య పదిహేను నిమిషాల నడక, ఆరు స్తంభాలు, రెండు వెలగవు అంది. అర్జీలో ఆ రెండు దీపాల సంగతి రాశారా అంటే, రాయలేదంది. రాయమన్నాను.